దిగులుకు మాత్రా? లోటుకు మాత్రా?

1950ల చివర, 60ల మొదట్లో హైదరాబాదు ఆసుపత్రులకు దక్కను మెట్ట పల్లెల నుంచి ఒక తరహా రోగులు వచ్చేవారు. ఎండ సోకిన చోటల్లా చర్మం నల్లగా కమిలి పొలుసులు లేచేది. మెడ చుట్టూ హారం వేసినట్టు మచ్చ కట్టేది. విరేచనాలు ఒక పట్టాన ఆగేవి కావు. వీటితో పాటు మనసూ చెదిరేది. నిద్ర పట్టదు, దేని మీదా ఇష్టం ఉండదు, కారణం తెలియని దిగులు, ముదిరితే మతి తప్పిన మాటలు. మానసిక చికిత్సాలయాల్లో చేరినవారిలో కూడా ఈ రోగులు కనిపించేవారు. ఆ జబ్బు పెల్లాగ్రా. పూటపూటా జొన్న గటకో జొన్న రొట్టో తప్ప మరో తిండి దొరకని కూలి జనానికే అది ఎక్కువగా వచ్చేది.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న మీదే బతికిన పేదలనూ ఇదే జబ్బు వేధించింది. అది అంటురోగం కాదనీ తిండిలోని లోపమనీ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ వాదించి నిరూపించాడు. కుక్కల్లో వచ్చే ఇలాంటి జబ్బును నికోటినిక్ ఆమ్లం, అంటే ఇవాళ మనం నయాసిన్ లేదా బి3 అంటున్న విటమిన్ నయం చేస్తుందని 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ చూపించాడు. మన దగ్గర మొక్కజొన్న కాదు, జొన్న. కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, ఇప్పుడు తార్నాకలో మనం చూసే జాతీయ పోషకాహార సంస్థ, ఈ తేడాను దగ్గరుండి పరిశీలించింది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం ఇందుకు కారణం కావచ్చని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ సిద్ధాంతం మీద తర్వాత చాలా చర్చ నడిచింది. చికిత్స మీద మాత్రం చర్చ లేదు. నయాసిన్ ఇస్తే రోజుల్లోనే మనిషి తేరుకునేవాడు. పప్పూ ఆకుకూరా పాలూ తోడైన పళ్లెంలో జొన్న మంచి తిండే, దోషం జొన్నది కాదు, జొన్న తప్ప ఇంకేమీ లేని పేదరికానిది.

ఒక విటమిన్ మాత్ర మనిషి దిగులును తీర్చిన ఉదాహరణల్లో ఇంతకంటే స్పష్టమైనది నాకు కనిపించదు. సప్లిమెంట్లు కుంగుబాటును తగ్గిస్తాయా అన్న ప్రశ్నను ఇక్కడి నుంచే మొదలుపెట్టాలంటాను. ఎందుకంటే ఈ ఉదాహరణలోనే జవాబు సగం ఉంది. ఆ మాత్ర దిగులుకు పనిచేయలేదు. లోటుకు పనిచేసింది. ఆ లోటు తీరింది కాబట్టి దిగులు పోయింది.

ఇవాళ ఈ ప్రశ్న అడిగేవాళ్ల సంఖ్య చిన్నది కాదు. బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన పెద్దవాళ్లలో సుమారు ఇరవై మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు గురవుతున్నారు. కుంగుబాటు, ఆందోళన వంటి మామూలు మానసిక సమస్యలున్నవారిలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. మానసిక వైద్యుడి గుమ్మం తొక్కితే ఊళ్లో ఏమనుకుంటారో, పెళ్లి సంబంధాలు చెడతాయేమో అన్న భయం ఇంకా బలంగానే ఉంది. మెడికల్ షాపులో బి-కాంప్లెక్స్ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. నీరసంగా ఉంది, బలానికి ఏదైనా ఇవ్వండి అంటే చాలు. అమెరికా నుంచి వచ్చే పిల్లలు అమ్మానాన్నల కోసం డబ్బాల కొద్దీ చేప నూనె గుళికలు, మల్టీవిటమిన్లు తెస్తారు. ప్రేమతోనే తెస్తారు. కానీ వాటిలో ఏది ఎవరికి అవసరమో చూసి తెచ్చేవారు తక్కువ.

పరిశోధనల్లోకి వెళ్లేముందు ఒక చిక్కు చెప్పుకోవాలి. కుంగుబాటు ఉన్నవాళ్ల రక్తం పరీక్షిస్తే విటమిన్ డి తక్కువ, జింక్ తక్కువ, ఫోలేట్ తక్కువ అని ఎన్నో అధ్యయనాలు తేల్చాయి. వార్తల్లో శీర్షికలయ్యేవి ఇవే. అయితే కుంగిపోయిన మనిషి ఇంట్లోంచి బయటికి రాడు, ఎండ తగలదు. అన్నం సయించదు, తిన్నా సరిగ్గా తినడు. కాబట్టి లోటు వల్ల కుంగుబాటు వచ్చిందా, కుంగుబాటు వల్ల లోటు వచ్చిందా అన్నది రక్త పరీక్ష ఒక్కటే చెప్పలేదు. అది తేలాలంటే సమానమైన రెండు గుంపులకు, ఒకరికి అసలు మాత్ర, మరొకరికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఎవరు ఏది మింగుతున్నారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా చూడాలి. కుంగుబాటు విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలోనూ మూడో వంతు మందికి పైగా చెప్పుకోదగ్గ మెరుగు కనిపిస్తుంది. ఆశ, పలకరింపు, కాలం, ఇవన్నీ అందులో కలిసి ఉంటాయి. అందువల్ల 'నేను వాడాను, నాకు తగ్గింది' అనే మాటలో అబద్ధం లేకపోయినా అది రుజువు కాదు.

విటమిన్ డి కథ చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఎండకు కొదవలేని తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. పట్టణ పురుషుల్లో సగం మందికి పైగా, పట్టణ స్త్రీలలో సుమారు నాలుగింట మూడు వంతుల మందికి విటమిన్ డి తక్కువగా ఉంది. పల్లెల్లోనూ పరిస్థితి ఏమంత బాగాలేదు. డి విటమిన్‌కు మెదడు కణాల్లో కూడా గ్రాహకాలున్నాయని తెలిశాక, ఇదే మన దిగులుకు మూలమేమో అన్న ఆశ ప్రపంచమంతా పుట్టింది. ఆ ఆశను అమెరికాలో పెద్దయెత్తున పరీక్షించారు. 50 ఏళ్లు దాటిన, అప్పటికి కుంగుబాటు లేని 18,353 మందికి రోజుకు 2000 యూనిట్ల డి3గానీ ఉత్తుత్తి మాత్రగానీ ఇచ్చి ఐదేళ్లకు పైగా గమనించారు. 2020లో ఫలితం వచ్చింది. కుంగుబాటు రావడంలో రెండు గుంపులకూ తేడా లేదు. డి విటమిన్ పనికిరాదని దీని అర్థం కాదు. అందులో పాల్గొన్నవాళ్లలో ఎక్కువ మందికి మొదటి నుంచీ డి తగినంత ఉంది. ఉన్నవాళ్లకు మరికాస్త పోస్తే మనసుకు లాభం లేదని మాత్రమే అది చెప్పింది. లోటుండి, కుంగుబాటు కూడా ఉన్నవాళ్లలో చేసిన చిన్న పరీక్షలు కొంత మేలు చూపాయి, కానీ వాటి మధ్య ఏకాభిప్రాయం లేదు. లోటు ఉంటే ఎముకల కోసమైనా తీర్చుకోవాలి కదా, మనసుకు కలిసొస్తే మంచిదే అన్నది నా అభిప్రాయం.

డి విటమిన్ కంటే నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది బి12, ఫోలేట్ జంట. ఈ రెండూ కలిసి శరీరంలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని తిరిగి తయారుచేస్తాయి. దాని నుంచి వచ్చే ఎస్-ఎడినోసిల్ మెథియోనిన్, అంటే సామ్-ఇ, మెదడులో సెరటోనిన్, డోపమిన్ వంటి రసాయనాల రాకపోకలకు అవసరమైన పనులెన్నో చేస్తుంది. ఈ వరుసలో ఎక్కడ తెగినా నరాలకూ మనసుకూ దెబ్బే. బి12 తగ్గితే అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలుడు, నాలుక మంట, మతిమరుపు, చిరాకు, దిగులు ఏ వరుసలోనైనా రావచ్చు, ఒక్కోసారి రక్తహీనత కనిపించకముందే రావచ్చు. పెద్ద వయసు వాళ్లలో దీన్ని ముసలితనం కింద కొట్టేయడం మన ఇళ్లలో రోజూ జరిగేదే.

ఫోలేట్‌కు మాత్ర రూపమైన ఫోలిక్ ఆమ్లం పేరెత్తితే ఒక తెలుగువాణ్ణి తలచుకోవాలి. 1920ల చివర, 30ల మొదట్లో లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశోధిస్తూ, ఈస్టు సారంలో దాన్ని తగ్గించే పదార్థం ఏదో ఉందని గుర్తించింది. ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసే మార్గం 1945లో దొరికింది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆ పరిశోధన నడిపించినవాడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన తోబుట్టువులను స్ప్రూ అనే పేగు జబ్బు బలిగొంది. తర్వాత ఆ జబ్బుకు వాడిన మందుల్లో ఫోలిక్ ఆమ్లం ముఖ్యమైనది.

మరి ఫోలిక్ ఆమ్లం కుంగుబాటు మందుకు బలం చేకూరుస్తుందా? 2000లో బ్రిటన్‌లో 127 మంది రోగుల్లో కొందరికి ఫ్లువోక్సెటిన్‌తో పాటు రోజుకు 500 మైక్రోగ్రాములు ఇస్తే స్త్రీలలో మంచి ఫలితం కనిపించింది, పురుషుల్లో కనిపించలేదు. అక్కడితో ఆగితే ఆశాజనకంగానే ఉండేది. 2014లో అదే బ్రిటన్‌లో 475 మంది మీద 5 మిల్లీగ్రాములతో చేసిన పెద్ద పరీక్షలో ఏ లాభమూ తేలలేదు. శరీరం నేరుగా వాడుకోగల ఎల్-మిథైల్ ఫోలేట్ అనే రూపాన్ని రోజుకు 7.5 మిల్లీగ్రాములు ఇస్తే ఫలితం లేదు, 15 ఇస్తే మందుకు లొంగని కొందరిలో మెరుగు కనిపించింది. అది 2012 నాటి ముచ్చట, చిన్న పరీక్ష. మందుల దుకాణంలో అందరికీ అమ్మాల్సిన సరుకు కాదది, వైద్యుడి చేతిలో ఉండాల్సిన ఒక వీలు.

ఇక్కడ మన దేశపు లెక్క వేరు. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో 31 శాతం మందికి బి12, 37 శాతం మందికి ఫోలేట్ తక్కువగా ఉన్నాయి. ఐరోపాలోనో అమెరికాలోనో తిండికి లోటులేని మనుషుల మీద చేసిన పరీక్ష విఫలమైందని మన హాస్టల్ పిల్లకు బి12 అక్కర్లేదని చెప్పలేం. అలాగని సర్వేలో లోటు కనిపించిందని ఊరందరికీ మాత్రలు పంచితే దిగులు పోతుందనీ చెప్పలేం. ఎవరికి ఏది తక్కువో చూడాలి. మాంసాహారం, గుడ్లు, పాలు తీసుకోనివాళ్లు, షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, గ్యాస్ మాత్ర అని పరగడుపున రోజూ పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి మింగేవాళ్లు, కడుపుకో పేగుకో ఆపరేషన్ అయినవాళ్లు, అరవై దాటినవాళ్లు, వీళ్లకు బి12 తగ్గే ప్రమాదం ఎక్కువ. మన ఇళ్లల్లో ఈ వివరాలన్నీ ఒక్క మనిషిలోనే కలిసి ఉండటం అరుదేమీ కాదు. బి12 లోటుండగా ఫోలిక్ ఆమ్లం మాత్రమే వేసుకుంటే రక్తం బాగుపడుతుంది గానీ నరాలు చెడుతూనే ఉంటాయి. ఈ ఒక్క కారణానికైనా సొంత వైద్యం వద్దు.

ఇనుము గురించి కూడా ఇదే దారిలో చెప్పుకోవాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మన రెండు రాష్ట్రాలూ ఆ సగటుకు అటూ ఇటూగానే ఉన్నాయి. నడిస్తే ఆయాసం, పనంటే విసుగు, చిన్నమాటకు కన్నీళ్లు అనే స్త్రీకి ముందు హిమోగ్లోబిన్ చూడాలి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో కాన్పు అయిన రక్తహీన తల్లులకు ఇనుము ఇస్తే వాళ్ల దిగులు, ఒత్తిడి చెప్పుకోదగ్గంతగా తగ్గాయని 2005లో ప్రచురించారు. చిన్న అధ్యయనమే. కానీ బాలింతల ఏడుపును 'పచ్చి ఒళ్లు, అంతే' అని వదిలేసే మన ఇళ్లకు అది అవసరమైన కబురు. ఆశా కార్యకర్త ఇచ్చే ఇనుము మాత్రలు మలం నల్లబడుతుందనో వికారమనో పక్కన పడేసే తల్లులు ఎందరో ఉన్నారు. భోజనం తర్వాతైనా సరే, కాఫీ టీలకు దూరంగా, ఆపకుండా వేసుకోవడం ముఖ్యం.

లోటు లేనివాళ్లలో కూడా కొంతైనా పనిచేస్తుందని చెప్పదగ్గ సప్లిమెంట్ ఏదైనా ఉందా అంటే, ఒమేగా-3 ముందుకొస్తుంది. చేపలు ఎక్కువ తినే దేశాల్లో కుంగుబాటు తక్కువని జోసెఫ్ హిబ్బెల్న్ 1998లో లాన్సెట్‌లో ఒక పటం గీసి చూపినప్పటి నుంచి దీని మీద పరిశోధన ఆగలేదు. వైద్య పరీక్షలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2015లో అప్పటికున్న పరీక్షలన్నీ కూడదీసి చూసి, లాభం ఉన్నట్టే ఉంది గానీ రోగికి తెలిసేటంత పెద్దది కాకపోవచ్చు, రుజువు నాణ్యత కూడా తక్కువే అని రాసింది. వివరాల్లోకి వెళితే మరో సంగతి కనిపిస్తుంది. చేప నూనెలో ముఖ్యంగా రెండు కొవ్వు ఆమ్లాలుంటాయి, ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. అని. మేలు కనిపించిన పరీక్షల్లో చాలావాటిలో ఇ.పి.ఎ. వాటా ఎక్కువ. పోషకాహార మనోవైద్యంలో పనిచేసే అంతర్జాతీయ సంఘం 2019లో ఇచ్చిన సూచన కూడా అదే: మామూలు చికిత్సకు తోడుగా, రోజుకు 1 నుంచి 2 గ్రాముల ఇ.పి.ఎ. ఒంట్లో వాపు సూచికలు ఎక్కువగా ఉన్న రోగులకు ఇది మరింత కలిసిరావచ్చన్న ఆధారాలు కూడా కొన్ని ఉన్నాయి.

ఇప్పుడు మన చేతిలోని డబ్బా తిప్పి చూద్దాం. మామూలుగా దొరికే 1000 మిల్లీగ్రాముల చేప నూనె గుళికలో 180 మిల్లీగ్రాముల ఇ.పి.ఎ., 120 మిల్లీగ్రాముల డి.హెచ్.ఎ. ఉంటాయి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనిపించే 1000 నూనె బరువు. పరీక్షల్లో వాడిన మోతాదు కావాలంటే రోజుకు ఐదారు గుళికలు మింగాలి. రోజుకొకటి మింగి పని చేయడం లేదనేవాళ్లు అసలు ఆ మోతాదు దరిదాపులకే వెళ్లలేదు. మరో వైపు, కుంగుబాటు లేనివాళ్లు రాకుండా ఉండేందుకని మింగితే ఏమవుతుంది? ఇందాక చెప్పిన 18,353 మందికే ఒమేగా-3 కూడా ఇచ్చి చూశారు. 2021లో వచ్చిన ఆ ఫలితంలో నివారణ లేకపోగా, కుంగుబాటు ముప్పు ఉత్తుత్తి గుళిక గుంపు కంటే 13 శాతం ఎక్కువగా తేలింది. తేడా చిన్నదే, దాన్ని చూసి బెంబేలెత్తనక్కర్లేదు. కానీ ముందు జాగ్రత్త పేరుతో అమ్మే ప్రకటనలకు అది గట్టి జవాబు.

తిండి సంగతి కూడా చూడాలి. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది. అయితే చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి రకాల్లో ఇ.పి.ఎ. తక్కువ. విశాఖ, కాకినాడ తీరాల్లో చవగ్గా దొరికే కవళ్లు, కానాగంతలు వంటి నూనె చేపల్లో అది ఎక్కువ. ధర తక్కువని చిన్నచూపు చూసే ఈ చేపలే ఈ లెక్కలో విలువైనవి. శాకాహారులు నమ్ముకునే అవిసె గింజల్లో, అక్రోటు పప్పులో ఉన్నది వేరే రకం ఒమేగా-3, శరీరం దాన్ని ఇ.పి.ఎ.గా మార్చుకునేది చాలా కొద్దిగానే. తినడానికి మంచివే, కానీ చేప నూనెకు బదులు కావు.

ఐరోపాలో ఇంకో దారి ఉంది, మూలికల దారి. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే పసుపు పూల మొక్కను జర్మనీలో వైద్యులే రాసిస్తారు. 2008 కాక్రేన్ సమీక్ష 29 పరీక్షలను, 5,489 మంది రోగులను లెక్కలోకి తీసుకుని, తేలికపాటి, మధ్యస్థ కుంగుబాటులో అది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగు, మామూలు మందులకు దీటు, దుష్ప్రభావాలు తక్కువ అని తేల్చింది. జర్మన్ మాట్లాడే దేశాల్లో జరిగిన పరీక్షల్లోనే ఫలితాలు మరీ బాగున్నాయని కూడా గుర్తుచేసింది. 2002లో అమెరికాలో 340 మంది మీద చేసిన పరీక్షలో అది విఫలమైంది, చిత్రమేమంటే పక్కన పోటీకి పెట్టిన కుంగుబాటు మందు సెర్ట్రలిన్ కూడా ప్రధానమైన కొలతల్లో ఉత్తుత్తి మాత్రను దాటలేకపోయింది. మొత్తమ్మీద ఈ మొక్కకు శక్తి ఉంది. శక్తి ఉంది కాబట్టే ప్రమాదమూ ఉంది. ఇది కాలేయంలో మందులను కరిగించే ఎంజైములను రెచ్చగొట్టి, గర్భనిరోధక మాత్రలు, వార్ఫరిన్, మూత్రపిండం మార్చుకున్నవాళ్లు వాడే సైక్లోస్పోరిన్, కొన్ని హెచ్ఐవీ మందుల బలం తగ్గించేస్తుంది. కుంగుబాటు మందులతో కలిపితే సెరటోనిన్ అతిగా పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. అమెరికాలో ఇది సూపర్‌మార్కెట్ అరల్లో దొరుకుతుంది. అక్కడ చదువుకునే, ఉద్యోగాలు చేసే మన పిల్లలు, ఇన్సూరెన్స్ ఖర్చుకు భయపడో, డిప్రెషన్ అని రికార్డుల్లోకి ఎక్కుతుందనో దీన్ని తెచ్చుకుంటే, ఇదీ మందేనని ముందు తెలుసుకోవాలి.

కుంకుమపువ్వు మీద టెహ్రాన్‌లో 2004 నుంచి వరుసగా పరీక్షలు జరిగాయి, రోజుకు 30 మిల్లీగ్రాములతో. ఫలితాలు బాగున్నాయి, కానీ ఒక్కో దానిలో ముప్పై నలభై మందే, ఆరెనిమిది వారాలే. పైగా కల్తీ ఎక్కువగా జరిగే సరుకుల్లో ఇదొకటి. పసుపులోని కుర్క్యుమిన్‌ను గుజరాత్‌లోని భావ్‌నగర్ వైద్య కళాశాలలో 60 మంది మీద ఫ్లువోక్సెటిన్‌తో పోల్చి చూశారు. రెంటికీ పెద్ద తేడా కనిపించలేదు, కానీ ఉత్తుత్తి మాత్ర గుంపే లేదు కాబట్టి, తగ్గినదాంట్లో కుర్క్యుమిన్ వాటా ఎంతో తేల్చలేం. వాళ్లు వాడింది రోజుకు 1000 మిల్లీగ్రాములు. దుగ్గిరాల పసుపైనా నిజామాబాద్ పసుపైనా అందులో కుర్క్యుమిన్ సుమారు మూడు శాతమే, అంటే ఆ మోతాదుకు రోజుకు ముప్పై గ్రాములకు పైగా పసుపు తినాలి. పప్పులో వేసే చిటికెడు పసుపు రంగుకూ రుచికీ వేసేది, వైద్యానికి కాదు.

మెగ్నీషియం, జింక్, ప్రోబయోటిక్‌లు, క్రియాటిన్, వీటన్నిటి మీదా చిన్న చిన్న మంచి కబుర్లున్నాయి. లండన్ కింగ్స్ కాలేజీలో మందులు వాడుతున్నా కోలుకోని 49 మందిలో సుమారు సగం మందికి పద్నాలుగు రకాల సూక్ష్మజీవుల గుళిక ఇస్తే ఎనిమిది వారాల్లో లక్షణాలు కొంత తగ్గాయని 2023లో ప్రచురించారు. కొరియాలో 52 మంది స్త్రీలలో సుమారు సగం మందికి మందుతో పాటు క్రియాటిన్ ఇస్తే త్వరగా కోలుకున్నారు. ఇవి ఆసక్తి పుట్టించాల్సిన ఫలితాలే, జేబు ఖాళీ చేసుకోవాల్సినవి కావు. అసలు ఇన్ని కలిపి ఒకేసారి ఇస్తే? ఐరోపాలోని నాలుగు దేశాల్లో, అధిక బరువుతో పాటు కొద్దిపాటి దిగులు లక్షణాలున్న 1,025 మందిలో సుమారు సగం మందికి ఒమేగా-3, విటమిన్ డి, ఫోలిక్ ఆమ్లం, సెలీనియం అన్నీ ఏడాది పాటు ఇచ్చారు. కుంగుబాటు రావడం తగ్గలేదు. ఇది 2019 నాటి ఫలితం. దానికి రెండేళ్ల ముందు ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా బృందం కుంగుబాటు ఉన్న 67 మందిలో సగం మందికి పన్నెండు వారాలు కూరగాయలు, పప్పులు, చేపలు, ఆలివ్ నూనె ఉండే తిండి నేర్పితే, వాళ్లలో 32 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. కేవలం మాటసాయం అందుకున్న రెండో గుంపులో కోలుకున్నది 8 శాతం. తిండి నేర్పిన సంగతి ఎవరికీ దాచలేం కదా, అందుచేత ఈ పరీక్షకూ లోపాలున్నాయి. అయినా నా మొగ్గు గుళిక కంటే పళ్లెం వైపే.

పోల్చడానికి మందుల లెక్క కూడా తెలిసి ఉండాలి. 2018లో లాన్సెట్‌లో వచ్చిన సమీక్ష 522 పరీక్షల్లో 1,16,477 మంది మీద 21 కుంగుబాటు మందులను చూసింది. అన్నీ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గానే పనిచేశాయి. మహాద్భుతంగా కాదు, కానీ నిలకడగా. ఏ సప్లిమెంట్ వెనకా ఇంత రుజువు లేదు. సప్లిమెంట్ మీద నమ్మకంతో రాసిచ్చిన మందు ఆపేయడం, అసలు వైద్యుడినే కలవకుండా నెలలు గడపడం, ఈ రంగంలో జరిగే అతిపెద్ద నష్టం ఇదే. గుళికలో విషం ఉండనక్కర్లేదు, అది తినేసే కాలమే చాలు.

విషం ఉండే సందర్భాలూ ఉన్నాయి. 1989లో అమెరికాలో నిద్రకూ దిగులుకూ వాడిన ఎల్-ట్రిప్టోఫాన్ వల్ల 1,500 మందికి పైగా వింత కండరాల జబ్బు పాలయ్యారు, ముప్పై మందికి పైగా చనిపోయారు. ఆ సరుకు ఎక్కువగా ఒకే జపాన్ తయారీదారు నుంచి వచ్చింది. అయినా 1994 చట్టంతో అమెరికాలో సప్లిమెంట్లు ముందస్తు అనుమతి లేకుండానే అమ్ముకోవచ్చు. మన దగ్గర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం డబ్బా మీద ఇది వైద్యానికి కాదు అని రాయాలి. ఆ చిన్న అక్షరాలు చదివేదెవరు? వారానికొకటి వేసుకోవాల్సిన 60,000 యూనిట్ల డి విటమిన్‌ను రోజూ వేసుకుని, రక్తంలో కాల్షియం పెరిగి, వాంతులతో, మతి తప్పి ఆసుపత్రి పాలైన కేసులను మన వైద్యులు పదేపదే నమోదు చేస్తున్నారు. మిరియాల సారం కలిపిన పసుపు గుళికలతో, అశ్వగంధతో కాలేయం దెబ్బతిన్న రోగుల వివరాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. థైరాయిడ్, లైంగిక హార్మోన్ల మీద ప్రభావం ఉందని డెన్మార్క్ 2023లో అశ్వగంధను నిషేధించింది. మరో మాట: దిగులు, ఉద్రేకం మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకు సప్లిమెంటుగా అమ్మే సామ్-ఇ, సెయింట్ జాన్స్ వోర్ట్ వంటివి ఉద్రేకాన్ని రేపగలవు.

కాబట్టి రెండు వారాలకు పైగా దిగులు వదలకపోతే, నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస పోతే, మెడికల్ షాపుకు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, విటమిన్ డి చూడమని అడగండి. వాడుతున్న మాత్రలన్నీ, అమెరికా డబ్బాలతో సహా, సంచిలో వేసుకుని వెళ్లి చూపించండి. లోటు ఉంటే పూర్తిగా తీర్చుకోండి. లోటు తీరినా దిగులు తీరకపోతే కౌన్సెలింగ్‌కో మందుకో సిద్ధపడండి, కావాలంటే ఇ.పి.ఎ. ఎక్కువున్న చేప నూనెను ఆ వైద్యుడికి చెప్పే చేర్చుకోండి. ప్రభుత్వాలకూ ఒక మనవి: ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బి12 పరీక్ష ఉచితంగా దొరకాలి. పెల్లాగ్రాను దగ్గరుండి చదివిన ఊరు మనకుంది, ఆ పని చేసి చూపడానికి ఇంతకంటే తగిన చోటు లేదు. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే మాత్రం పరీక్షల కోసం ఆగకండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.